పసుపు రంగు సీరం: అందరూ చూసి, ఎవరూ చెప్పని ఒక కేసు

ఏం జరిగింది

ఒక పెద్ద ఆసుపత్రిలో బయోకెమిస్ట్రీ ల్యాబు. తొమ్మిది మంది టెక్నీషియన్లు, వారి మీద ఒక సీనియర్ టెక్నాలజిస్టు, ఇద్దరు అటెండర్లు. ఆసుపత్రి పేరు చెప్పను. మనుషులను గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను.

ఒక ఉదయం, వార్డులో ఉన్న రోగికి పొటాషియం బాగా ఎక్కువగా ఉందని ల్యాబు నుంచి రిపోర్టు వెళ్లింది. రక్తంలో పొటాషియం మామూలుగా లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోళ్ల మధ్య ఉంటుంది. అది మరీ పెరిగితే గుండె లయ తప్పుతుంది. అందుకే డ్యూటీ డాక్టరు ఆలస్యం చేయకుండా ఇన్సులిన్, గ్లూకోజు ఎక్కించారు. ఈ రెండూ కలిసి పొటాషియాన్ని రక్తంలోంచి కణాల్లోకి తోస్తాయి. కాసేపటికి అనుమానం వచ్చి చూస్తే ఈసీజీ మామూలుగానే ఉంది. మళ్లీ రక్తం తీసి పంపితే పొటాషియం ఉండవలసిన దానికంటే తక్కువ వచ్చింది. లేని జబ్బుకు వైద్యం చేసి ఉన్న మనిషిని ఇబ్బందిలో పెట్టారన్నమాట. రోజంతా కనిపెట్టుకుని ఉన్నారు, రోగి కోలుకున్నాడు.

విచారణలో తేలింది ఏమిటంటే, ఇది మొదటిసారి కాదు. కొన్ని నెలలుగా ఉదయపు రిపోర్టుల్లో పొటాషియం తరచూ ఎక్కువగా వస్తోంది. ల్యాబు దగ్గర దానికి సిద్ధంగా ఒక జవాబు ఉంది: ‘వార్డు నర్సులు రక్తం సరిగ్గా తీయడం లేదు, శాంపిల్ హీమోలైజ్ అవుతోంది.’ రక్తం తీసేటప్పుడు ఎర్రకణాలు చితికితే (దీన్నే హీమోలిసిస్ అంటారు) వాటిలోని పొటాషియం సీరంలోకి, అంటే రక్తం గడ్డకట్టాక వేరుపడే పసుపు ద్రవంలోకి, వచ్చేస్తుంది. కణం లోపల బయటికంటే 20 రెట్లకు పైగా పొటాషియం ఉంటుంది కాబట్టి కొన్ని కణాలు చితికినా అంకె మారిపోతుంది. వివరణ శాస్త్రీయమే. ఆ ల్యాబు విషయంలో మాత్రం తప్పు.

యాజమాన్యం నన్ను పిలిచి, ‘మా వాళ్లకు విమర్శనాత్మక ఆలోచన నేర్పండి’ అన్నది. బృందాలు నిర్ణయాలకు ఎలా వస్తాయో చూడటం నా వృత్తి. పిలిచిన వాళ్లందరూ దాదాపు ఈ మాటే అంటారు. ఆలోచన తమ ఉద్యోగుల తలల్లో లేదనీ, నేను సంచిలో వేసుకుని తెచ్చి పంచుతాననీ వారి నమ్మకం. సిగ్గుపడుతూనే చెబుతున్నాను, మొదటి నెల నేనూ అలాగే పనిచేశాను.

తరగతి

నాలుగు తరగతులు తీసుకున్నాను. కారణానికీ యాదృచ్ఛికతకూ తేడా, నమ్మినదాన్ని బలపరిచే ఆధారాలనే వెతికే గుణం, ఒక వివరణ తప్పని తేలాలంటే ఏం కనిపించాలి అన్న ప్రశ్న. ముందూ వెనకా పరీక్ష పెట్టాను. మార్కులు బాగా పెరిగాయి. దూరదేశపు వార్తలు, కల్పిత కంపెనీల లెక్కలు, ప్రకటనల్లో మోసాలు, ఏది ఇచ్చినా చీల్చి చెండాడారు. యాజమాన్యం సంతోషించింది. ఉదయపు పొటాషియం మాత్రం ఎక్కువగానే వస్తోంది, జవాబు కూడా మారలేదు.

ఇక్కడ అలెగ్జాండర్ లూరియా గుర్తుకొచ్చాడు. ఈ సోవియట్ మనస్తత్వ శాస్త్రవేత్త 1931, 32ల్లో ఉజ్బెకిస్తాన్ పల్లెల్లో రైతులను తర్క ప్రశ్నలు అడిగాడు. మంచు కురిసే ఉత్తరాదిన ఎలుగుబంట్లన్నీ తెల్లగా ఉంటాయి, ఫలానా చోటు ఉత్తరాదిన ఉంది, అక్కడి ఎలుగుబంట్లు ఏ రంగు? బడికి వెళ్లని రైతులు చాలామంది జవాబు చెప్పడానికే ఒప్పుకోలేదు. తాము చూడలేదు కాబట్టి చెప్పలేమన్నారు. దీన్ని తర్కం రాకపోవడంగా చదివినవారు ఎందరో. నాకైతే అది ఒక మర్యాదగా కనిపిస్తుంది: చూడనిదాని గురించి మాట్లాడకూడదన్న మర్యాద. తాము ఎరిగిన విషయాల్లో ఆ రైతులు చక్కగానే తర్కించేవారు.

మా ల్యాబులో జరుగుతున్నది దీనికి తలకిందులు. ఎన్నడూ చూడని కంపెనీల గురించి నిర్భయంగా తర్కించే మనుషులు, రోజూ చేతిలో పట్టుకునే ట్యూబు గురించి నోరు విప్పడం లేదు. బడి నేర్పిన మర్యాద ఇది కాబోలు. పరీక్షలో అడిగిన ఎలుగుబంటి రంగు చెప్పవచ్చు, పక్కన నిలబడి ఉన్నదాని రంగు పెద్దవాళ్లే చెప్పాలి.

మార్కుల పట్టికను పక్కన పెట్టి, ఒక్కొక్కరితో విడిగా కూర్చున్నాను.

ఎవరికి ఏం తెలుసు

ముందు నా తప్పు చెప్పుకోవాలి. మొదటి రోజు నేను మాట్లాడింది సీనియర్ టెక్నాలజిస్టుతో. 22 ఏళ్ల అనుభవం, నిదానమైన మాట, అడిగినదానికల్లా కాగితం తీసి చూపించే పద్ధతి. ఆ తర్వాత వార్డు నర్సులతో మాట్లాడాను. నిందపడిన మనుషులు కాబట్టి వారు తడబడుతూ మాట్లాడారు. ఆ సాయంత్రం నా నోటుబుక్కులో రాసుకున్న మొదటి వాక్యం: ‘వార్డు నర్సులకు శిక్షణ లోపం?’ ప్రశ్నార్థకం పెట్టానని ఇప్పుడు సర్దిచెప్పుకోవచ్చు కానీ, ఆ రోజు నాకు నిజానికి సందేహం లేదు. తడబాటును అజ్ఞానంగా, నిదానాన్ని జ్ఞానంగా లెక్కవేశాను. నలుగురికి అదే నేర్పి డబ్బు తీసుకునే మనిషిని.

రెండో నెలలో, ఎనిమిది నెలల క్రితమే చేరిన ఒక టెక్నీషియన్ అమ్మాయితో మాట్లాడుతున్నప్పుడు కథ మలుపు తిరిగింది. ఉదయపు బ్యాచ్ నడిపేది ఆమే.

“హీమోలిసిస్ అయితే సీరం గులాబీ రంగులోనో ఎర్రగానో ఉండాలి కదా సార్. ఇవన్నీ పసుపుగానే ఉంటాయి,” అన్నది.

“ఎప్పుడు గమనించారు?”

“చేరిన రెండో వారంలో.”

“మరి చెప్పలేదా?”

“ఒకసారి చెప్పాను సార్. పక్క బెంచిలో అక్కకు. ‘అంటే సార్‌కు తెలియదంటావా?’ అని అడిగింది. నేను అలా అనలేదు కదా అనుకుని ఊరుకున్నాను.”

ఈ కేసు మొత్తంలో నేను గీత గీసి పెట్టుకున్న వాక్యం అక్క అడిగిన ఆ ప్రశ్న. అమ్మాయి మాట్లాడింది ట్యూబు గురించి. తిరిగి వచ్చినది మనిషి గురించి. ఒక్క వాక్యంలో విషయం రంగు నుంచి విధేయతకు మారిపోయింది. అక్కలో దురుద్దేశం ఏమీ లేదు. కొత్త పిల్ల ఇబ్బందిలో పడకూడదన్న ప్రేమతోనే అన్నది. సామాజిక ప్రభావం అంటే మనం గద్దింపునూ బెదిరింపునూ ఊహించుకుంటాం. నేను చూసినంతలో అది ఎక్కువగా ఇలాంటి ప్రేమ రూపంలోనే వస్తుంది.

1966లో చార్లెస్ హాఫ్లింగ్ బృందం చేసిన ప్రయోగం ఒకటి ఈ వృత్తిలో తరచూ వినిపిస్తుంది. ముక్కూ మొహం తెలియని డాక్టరు వార్డుకు ఫోను చేసి, సీసా మీద రాసిన గరిష్ఠ మోతాదుకు రెట్టింపు మందు ఇమ్మంటాడు. 22 మంది నర్సుల్లో 21 మంది ఇవ్వడానికి బయలుదేరారు. దారిలో ఆపేశారు, మందు కూడా ఉత్తదే. దీన్ని చెప్పి అందరూ తల ఊపుతారు కానీ, 1977లో ర్యాంక్, జాకబ్సన్ చేసిన రెండో ప్రయోగాన్ని చెప్పేవారు తక్కువ. అందులో మందు నర్సులకు తెలిసినదే, తోటివారిని సంప్రదించే వీలూ ఉంది. 18 మందిలో ఇద్దరే ముందుకు వెళ్లారు. మిగిలినవారు ఆగి అడిగారు. తోడు ఉంటే చాలునని దీన్నిబట్టి చాలాకాలం చెబుతూ వచ్చాను. మా అమ్మాయికి కూడా తోడు ఉంది, అడిగింది. తోడు నోట ఏ ప్రశ్న తిరిగి వస్తుందన్నది ఇక్కడ తేడా తెచ్చింది.

మిగతావారి దగ్గర కూడా తలా ఒక ముక్క దొరికింది. ఐసీయూ శాంపిళ్లలో ఈ తేడా ఎప్పుడూ రాదని ఒకరు గమనించారు. అవే వార్డుల నుంచి పగలు వచ్చేవి బాగానే ఉంటాయని మరొకరు. హీమోలిసిస్ ఎంత ఉందో యంత్రమే ఒక అంకెగా ఇస్తుందనీ, ఈ శాంపిళ్లలో అది పరిమితి లోపలే ఉంటోందనీ ఇంకొకరు. ఇవన్నీ ఒక బల్ల మీదికి ఎన్నడూ రాలేదు. అందరికీ తెలిసినదాన్నే మళ్లీ మళ్లీ మాట్లాడుకుని, ఒక్కరికే తెలిసినదాన్ని బృందాలు బయటికి రానివ్వవని స్టాసర్, టైటస్ 1985లో చూపించారు. మా సమావేశాల్లో అందరికీ తెలిసిన విషయం ఒక్కటే: నర్సులు సరిగ్గా తీయరు.

ఆ వివరణకు ఉన్న బలం కూడా చెప్పాలి, లేకపోతే ల్యాబువాళ్లు అమాయకుల్లా కనిపిస్తారు. ఐసీయూలో ఎందుకు రాదు? అక్కడి నర్సులకు చేయి తిరిగింది. పగలు ఎందుకు రాదు? రాత్రి డ్యూటీలో కొత్తవాళ్లుంటారు. సీరం ఎర్రగా లేదే? కంటికి కనిపించనంత హీమోలిసిస్. ప్రతి రంధ్రానికీ ఒక మాటు ఉంది. పైగా ఈ వివరణ ల్యాబును ఒకటిగా కట్టి ఉంచుతోంది. తప్పు వార్డుది, మనది కాదు. దాన్ని ప్రశ్నించడమంటే సీనియర్‌ను ప్రశ్నించడమే కాదు, జట్టు మారినట్టు కూడా.

చీటీలు

సమావేశం పెట్టి, ‘ఉదయపు పొటాషియం ఎందుకు పెరుగుతోందని మీరు అనుకుంటున్నారు?’ అని పేరు లేకుండా చీటీ మీద రాయమన్నాను. తొమ్మిది చీటీల్లో ఏడింటిలో ఒకే మాట: హీమోలిసిస్. సీరం పసుపుగా ఉందని నాకు చెప్పిన అమ్మాయి కూడా అదే రాసింది.

సాలమన్ ఆష్ 1951లో చేసిన గీతల ప్రయోగం చదివినవారికి ఇది వింతగా తోచవచ్చు. గదిలో మిగతావారంతా కూడబలుక్కుని ఒక గీత పొడవు తప్పుగా చెబుతుంటే, ఏమీ తెలియని మనిషి మూడింట ఒక వంతు సార్లు వారితో కలిసి తప్పు చెప్పాడు. ఒంటరిగా చెప్పేటప్పుడు నూటికి ఒక్కసారి కూడా ఎవరూ పొరబడలేదు. జవాబును నోటితో చెప్పకుండా కాగితం మీద రాయనిస్తే ఈ లొంగుబాటు బాగా తగ్గిందని కూడా ఆయన చూపాడు. మరి మా చీటీలు ఎందుకు పనిచేయలేదు?

ఒక కారణం చేతిరాత. ఏళ్ల తరబడి ఒకే రిజిస్టరులో రాస్తున్నవారికి పేరు లేని చీటీ అంటే నవ్వులాట. అసలు కారణం నా ప్రశ్న. ‘ఎందుకు’ అని అడిగి నేను వారిని తీర్పు చెప్పమన్నాను. కారణం చెప్పడం ఆ గదిలో ఒక్కరి హక్కు. మిగిలినవారు ఆ హక్కును కాగితం మీద కూడా ముట్టుకోరు.

మరుసటి వారం ప్రశ్న మార్చాను. ‘కారణం రాయవద్దు. కంటితో చూసినది, చేతితో తాకినది మాత్రమే రాయండి. ఒక్కొక్కరు మూడు.’ ఈసారి అటెండర్లను కూడా కూర్చోబెట్టాను. దీనికి యాజమాన్యం మొహమాటపడింది. వారికి ఇక్కడ ఏం పని అన్నారు. శాంపిళ్లు మోసేది వారే కదా అన్నాను.

చీటీలను కలిపేసి బల్ల మీద పరిచాం. సీరం పసుపు. ఐసీయూవి బాగుంటాయి. పగటివి బాగుంటాయి. యంత్రం హీమోలిసిస్ చూపదు. ఒక చీటీ మాత్రం ఎవరూ ఊహించనిది, అటెండర్ రాసినది: ‘పొద్దున ట్యూబులు చల్లగా ఉంటాయి.’

వాటిని చదివి వినిపించమని సీనియర్‌నే అడిగాను. ఒక్కొక్కటీ చదివి పక్కన పెడుతున్నారు. ఆ చీటీ దగ్గర ఆగిపోయారు. గది నిశ్శబ్దంగా ఉంది. చాలాసేపటికి తనలో తాను అనుకుంటున్నట్టు అన్నారు: “చల్లదనానికి పంపు ఆగిపోతుంది.”

తర్వాత లేచి, మాకందరికీ తానే పాఠం చెప్పారు. పొటాషియం ఎర్రకణం లోపల నిలిచి ఉండాలంటే కణపు పొరలోని పంపు శక్తి ఖర్చు చేస్తూ ఎడతెగకుండా దాన్ని లోపలికి లాగుతూ ఉండాలి. సీరం వేరు చేయకుండా రక్తాన్ని ఫ్రిజ్‌లో పెడితే ఆ పంపు మందగిస్తుంది, కణం చితకకుండానే పొటాషియం బయటికి కారుతుంది. సీరం పసుపుగానే ఉంటుంది. “ఇది నేను ఏటా విద్యార్థులకు చెబుతాను,” అన్నారు చివర్లో. ఆ గొంతు నాకు ఇంకా గుర్తుంది.

తెలిసిన మనిషికి కూడా ఎందుకు తట్టలేదు? రాత్రి షిఫ్టులో ఒక్కరే ఉంటారు. అత్యవసర శాంపిళ్లు, అంటే ఐసీయూవి, అప్పటికప్పుడు నడుపుతారు. మిగతావి ఉదయం దాకా ఫ్రిజ్‌లో ఉంటాయి. ఆ పద్ధతి పెట్టింది ఆయన గురువు, ఎప్పుడో పదవీ విరమణ చేసిన ల్యాబు అధిపతి. అది మూర్ఖపు పద్ధతి కూడా కాదు. ట్యూబులో రక్తకణాలు గ్లూకోజును తింటూనే ఉంటాయి. చలిలో పెడితే తిండి మందగించి చక్కెర అంకె నిలబడుతుంది. చక్కెర కోసం ఆలోచించి పెట్టిన నియమం అది. ఆలోచన ఆయనతో వెళ్లిపోయింది, నియమం మిగిలింది. రాత్రిపూట మనుషులు తగ్గి, ఫ్రిజ్‌లో ఎదురుచూసే ట్యూబులు పెరిగినప్పుడు దానిని తిరిగి చూసినవారు లేరు. గురువు మీది గౌరవం ఒక అలమారా. అందులో పెట్టినదాన్ని దుమ్ము దులుపుతాం కానీ తీసి చూడం.

మూడు ట్యూబులు

పరీక్షించి చూద్దామన్నది సీనియరే. తన చేతి రక్తమే తీయమన్నారు. తీసింది ఎవరనుకున్నారు? వార్డు నర్సు. ఆ ఏర్పాటు ఎవరి ఆలోచనో నాకు తెలియదు కానీ, నా తరగతులన్నిటికంటే దాని విలువ ఎక్కువ. ఒక ట్యూబును గడ్డకట్టగానే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి సీరం వేరు చేశారు. రెండోదాన్ని రాత్రంతా బల్ల మీద ఉంచారు, మూడోదాన్ని ఫ్రిజ్‌లో. ఉదయం చూస్తే మొదటిది మామూలుగా ఉంది, మూడోది పరిమితి దాటింది. సీరం నిమ్మపండు రంగులో, తేటగా.

నియమం ఆ వారమే మారింది. రాత్రి వచ్చిన శాంపిలును కూడా సీరం వేరు చేశాకే నిల్వ చేయాలి. చక్కెర పరీక్షకు, కణాలు గ్లూకోజును తినకుండా ఆపే ఫ్లోరైడ్ ఉన్న ట్యూబులో రక్తం వేరుగా తీయాలి. ఇందులో మరో ప్రమాదం కూడా బయటపడింది. నిజంగా పొటాషియం తగ్గిన రోగి శాంపిల్ ఫ్రిజ్‌లో ఉంటే అంకె మామూలుగా కనిపించి ఉంటుంది. అలాంటివి ఎన్ని దాటిపోయాయో తేల్చే దారి లేదు.

కుదరనివి

నివేదికలో ‘సంస్కృతి’ అనే పదం చేర్చమని యాజమాన్యం అడిగింది. ‘మా వాళ్ల సంస్కృతే అంత, పెద్దలకు ఎదురు చెప్పరు’ అన్న అర్థంలో. ఒప్పుకోలేదు. ఆష్ ముందు కూర్చున్నవారు అమెరికా కాలేజీ కుర్రాళ్లు. పెద్దలకు ఎదురు చెప్పని జాతి అని వారిని ఎవరూ అనరు. 1996లో బాండ్, స్మిత్ 17 దేశాల్లో జరిగిన 133 గీతల ప్రయోగాలను కలిపి చూశారు. సమూహానికి ప్రాధాన్యమిచ్చే సమాజాల్లో లొంగుబాటు ఎక్కువన్నది నిజమే. అమెరికాలోనే 1950ల నుంచి అది తగ్గుతూ వచ్చిందన్నదీ నిజమే. సంస్కృతి కదిలే వస్తువు. దాన్ని కొండలా చూపిస్తే నియమాలు మార్చవలసిన మనిషికి సెలవు దొరికినట్టే. నా నివేదికలో ‘సంస్కృతి’ బదులు ‘ఎవరు ముందు మాట్లాడతారు’ అని రాశాను.

ఆ మార్పు కొంత నిలిచింది: సమావేశంలో చిన్నవారు ముందు, సీనియర్ చివర. నిలవనిది మరొకటి ఉంది. ప్రతి సమావేశంలో ఒకరు కావాలని వ్యతిరేకించాలని నియమం పెట్టాను. రెండు వారాల్లో అది నాటకమైపోయింది. ‘ఈ వారం విలన్ ఎవరు?’ అని నవ్వుకునేవారు. పాత్రధారి వ్యతిరేకతకు నిజమైన అసమ్మతికి ఉన్న పదును ఉండదని షార్లన్ నెమెత్ 2001లోనే చూపించింది. తెలిసి కూడా పెట్టాను, ఎందుకంటే నివేదికలో చూడటానికి బాగుంటుంది. పక్కనే ఉన్న హెమటాలజీ విభాగం మా చీటీల పద్ధతిని ఒక్క నెల వాడి మానేసింది. అక్కడి సీనియర్ తానే చీటీలు ముందుగా చదివి ఏరేవాడట.

మూడు నెలల తర్వాత

తిరిగి వెళ్లేసరికి ల్యాబులో కొత్త జవాబు స్థిరపడి ఉంది. పొటాషియం ఎక్కువ వస్తే చాలు, ‘ఫ్రిజ్‌లో పెట్టి ఉంటారు’. ఇప్పుడు ఆ మాట అంటున్నది మా అమ్మాయే. పసుపు సీరం పట్టుకున్న మనిషిగా ఆమెకు పేరు వచ్చింది. కొత్తగా చేరిన ట్రైనీలు ఆమెను అక్కా అని పిలుస్తున్నారు.

నేను వెళ్లడానికి వారం ముందు ఒక ఉదయం, వార్డు శాంపిలులో పొటాషియం చాలా ఎక్కువ వచ్చింది. సీరం పసుపుగానే ఉంది. “రాత్రివాళ్లు మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టారు. మళ్లీ తీసి పంపమని చెప్పు,” అన్నదట ఆమె, తల ఎత్తకుండా.

ట్రైనీ కుర్రాడు కదలలేదు. “అక్కా, కానీ ఇది వెచ్చగానే ఉంది,” అన్నాడు.

ఆమె తల ఎత్తి చూసింది. నాతో చెప్పేటప్పుడు ఆ క్షణం దగ్గర కొంచెం ఆగింది. “‘రాత్రివాళ్లకు తెలియదంటావా’ అని నోటిదాకా వచ్చింది సార్,” అన్నది. రిజిస్టరు చూస్తే ఆ శాంపిల్ వచ్చి గంట కూడా కాలేదు. అదే ట్యూబును మళ్లీ నడిపారు, అదే అంకె. ఆమె వార్డుకు ఫోను చేసింది. అటువైపు నర్సు, ఈసీజీ ఇప్పుడే తీశారనీ డాక్టరు రిపోర్టు కోసమే చూస్తున్నారనీ చెప్పింది.